గొఱ్ఱెలను తోలుటకు ముందు బీడు శుద్ధి

విరాటుని కొలువున సహదేవుడు గోగణములను కాపాడిన కథను భారతమున పలుమారులు చదివితిమి. అయినను మేతవలెనే విషమును పచ్చగా నుండునన్న సంగతి మా యింట నొక గొఱ్ఱె మరణించువరకు మాకు తెలియదు.

మాది విడవలూరు. తూర్పున సముద్రము, దక్షిణమున పెన్న, నడుమ కాలువలు, వరిపొలములు. మావారు బడిపంతులు. జీతము నెలకొకమారు వచ్చును. ఖర్చు దినదినమును వచ్చును. కావున మామగారు విడిచిపోయిన అరయెకరము బీడులో నాలుగు గొఱ్ఱెలను పెంచి, పిల్లల నమ్మి, పెద్దమ్మాయి కళాశాల చదువునకు సొమ్ము కూర్పదలచితిమి. మా జిల్లా గొఱ్ఱెలలో తెల్లనిది పల్ల, ఎఱ్ఱనిది దొర, తెల్లని మేనితో మోమున నల్లమచ్చలు గలది జోడిపి. మేము జోడిపులను కొంటిమి.

ఆ వేసవిలో గడ్డి మాడిపోయెను. బీడు చివర కాలువగట్టున తూటికాడ మాత్రము, లేత ఊదారంగు బాకాపూలతో, కళకళలాడుచుండెను. "అమ్మా, అది జీవాలకు పనికిరాదు, పీకించండి" అని మేపరియైన ముసలితాత చెప్పెను. నోరులేని జంతువునకు తన మేలుకీడులు తెలియవా యని మేము పెడచెవిని పెట్టితిమి. కొన్ని వారములకు చూలుతోనున్న గొఱ్ఱె చిక్కిపోయెను, తల వణకెను, అడుగులు తడబడి కూలబడెను. పశువైద్యుడు వచ్చి చూచి, తూటికాడలోని స్వైన్సోనైన్ అను పదార్థము మేనిలో కొన్ని చక్కెరలు జీర్ణము కాకుండ నడ్డుననియు, అవి నరముల కణములలో పేరుకొనుననియు చెప్పెను. తొలిదశలో మేత మార్చిన కోలుకొనవచ్చునట. ముదిరిన పిమ్మట నరములు మరల బాగుపడవట. మిగిలిన మూడును దక్కినవి. చూలుగొఱ్ఱె దక్కలేదు. ఆకలిగొన్న జంతువు పచ్చనిదెల్ల తినుననియు, తప్పు దానిది గాక మాదేననియు గ్రహించితిమి.

అప్పటినుండి మేమవలంబించిన పద్ధతిని మనవి చేయుదుము.

మొదట గొఱ్ఱెలను కట్టివేసి, బీడంతయు కాలినడకన తిరిగి చూడవలెను. ప్రతి కలుపును శత్రువు కాదు. గరిక మంచి మేత, దానిని పీకరాదు. తూటికాడ, ఉమ్మెత్త, గన్నేరు, ఆముదము కనబడిన తొలగింపవలెను. పల్లేరుకాయలు గిట్టలలో గ్రుచ్చుకొనును.

తూటికాడను వానలు వెలిసి నేల మెత్తగా నున్నపుడు వేళ్లతో పెకలింపవలెను. తెగిన ముక్క తడినేలపై బడిన మరల వేరూనును. కావున కాలువలో పాఱవేయక, ఎండలో బాగుగ నెండబెట్టి కాల్చవలెను. వాడిన కొమ్మలను గొఱ్ఱెలకందుచోట నుంచరాదు. పాలు కారును గనుక పని ముగిసినంతనే చేతులు కడుగుకొనవలెను.

సర్కారుతుమ్మను 1877లో కడప జిల్లా కమలాపురమున నాటిరి. నేడు మా తీరమంతటను అదియే. దాని తీయని కాయలను గొఱ్ఱెలు తినును. గింజలు పెంటికలతో బయటబడి మొలచును. పైపైన నరికిన గుబురుగా చిగుర్చును గాన, గునపముతో వేరుమొదలు త్రవ్వితీయవలెను.

వయ్యారిభామ 1955 ప్రాంతమున పూనాలో కనబడి దేశమంతట వ్యాపించినది. ఒక్క మొక్క వేలకొలది గింజలు రాల్చును; కావున పూవు విచ్చకముందే పీకవలెను. ఒంటికి తగిలిన దురద పుట్టును గాన చేతులకు తొడుగులు వేసికొనుడు. దీనిని తిను పురుగును మెక్సికోనుండి తెప్పించిరి. అయినను చేతిపని తప్పలేదు.

మందు చల్లినచో, డబ్బాపై వ్రాసిన గడువు తీరువరకు మందను తోలరాదు.

ఖాళీయైన నేలను ఊరక విడిచిన కలుపే మరల వచ్చును. మేము అంజనుగడ్డి, స్టైలో విత్తనములు చల్లి, వేరూనువరకు ఒక కారంతయు మేపలేదు. పిమ్మట బీడును నాలుగు మడులుగా విభజించి, ఒకటి మేపుచు మూడింటికి విశ్రాంతి నిచ్చితిమి. క్రొత్త మడికి తోలునాడు ముందుగా ఎండుమేత పెట్టుదుము. ఆకలి తీఱిన గొఱ్ఱె కంటబడిన ఆకునెల్ల కొఱకదు.

ఈ పనికంతకును రెండు పారలు, ఒక గునపము, మా యింటిల్లిపాది ఆదివారములు చాలినవి. చూలుగొఱ్ఱె పోయిన యేడు రుసుమునకు సొమ్ము చాలక అమ్మాయి ఇంటనే యుండిపోయెను. మూడు గొఱ్ఱెలు ఈనిన పిమ్మట మఱుసటి యేట చేరినది. ఆ యేడాది ఆలస్యమునకు కారణము తన తల్లి అశ్రద్ధయేనని దానికి తెలియును. ఒక్కనాడును పైకి అనలేదు.

జీవాలను కొనదలచిన సోదరీమణులు సంతకు పోవుటకు ముందు ఒక్కమారు తమ బీడును చుట్టి రావలెనని మా ప్రార్థన.