కుండలో స్పీకరు

వేసవి వచ్చిందంటే గన్నవరంలోనే కాదు, కృష్ణా డెల్టాలో చాలా ఊళ్ళలో రోడ్డు పక్కన మట్టికుండలు బారులు తీరి కనిపిస్తాయి. కొనేవాళ్ళలో ఎక్కువమంది చల్లటి నీళ్ళ కోసం కొంటారు. కొందరు కుండ బిర్యానీ కోసం కొంటారు. ఎప్పుడో ఒక కుర్రాడు మాత్రం జేబులోంచి టేపు తీసి కుండ మూతి వెడల్పు కొలుస్తాడు. వాడికి కావలసింది నీళ్ళూ కాదు, బిర్యానీ కాదు. పాత టేప్‌రికార్డరులోంచి ఊడదీసిన స్పీకరు ఒకటి వాడి దగ్గర ఉంది. అయస్కాంతం లోపలికీ, కాగితపు శంకువు పైకీ ఉండేట్టు దాన్ని కుండ మూతిలో కూర్చోబెట్టి పాట పెడతాడు. అంతవరకూ కీచుకీచుమన్న స్పీకరు ఒక్కసారిగా గొంతు మార్చుకుని గంభీరంగా మోగుతుంది.

ఈ సరదా ఉన్నవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే చిట్కాలు చాలా ఉన్నాయి. “కుండ ఎంత పెద్దదైతే అంత బేసు.” “అంచు చుట్టూ సందు లేకుండా మూసెయ్యి.” “లోపల బూరుగు దూది పెట్టు.” “పల్చటి చెక్కతో పెట్టె చేస్తే దండగ.” ఇవి పుస్తకాల్లో చదివి చెప్పినవి కావు; ఒకరు చేసి చూసి మరొకరికి చెప్పినవి. వీటిలో కొన్ని పూర్తిగా నిజం, కొన్ని సగం నిజం. ఏది ఎంత నిజమో తేల్చాలంటే ముందు స్పీకరు ఏం చేస్తుందో చూడాలి.

పాడైపోయిన రేడియోలోని స్పీకరు దొరికితే ఈ ప్రయోగం చేయండి. మామూలు టార్చిలైటు సెల్లు, అంటే 1.5 వోల్టులది, ఒకటి తీసుకుని దాని రెండు కొసలనుంచి వచ్చే తీగలను స్పీకరు వెనక ఉన్న రెండు మొనలకు ఒక్క క్షణం తాకించండి. “టప్” మని శబ్దం వస్తుంది. శంకువు కాస్త ముందుకు గాని, వెనక్కు గాని కదులుతుంది. తీగలను తారుమారు చేసి తాకిస్తే ఇటు కదిలింది అటు కదులుతుంది. శంకువు మొదట్లో అంటించిన సన్నని తీగచుట్ట అయస్కాంత క్షేత్రంలో వేలాడుతున్నది. విద్యుత్తు ప్రవహించగానే ఆ చుట్టను బలం తోస్తుంది. పాట అంటే సెకనుకు వందలసార్లు, వేలసార్లు అటూ ఇటూ మారే విద్యుత్తే గనుక శంకువు కూడా అలాగే ఊగుతుంది. (ఈ ప్రయోగానికి సెల్లు తప్ప మరేదీ వాడవద్దు. ఇంటి కరెంటు దరిదాపులకు పోవద్దు.)

1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ ఈ తరహా స్పీకరును చక్కగా రూపొందించి ప్రకటించారు. నేటి స్పీకర్లలో చాలా భాగం దాని సంతతే. పందిళ్ళలో కొయ్యకు కట్టే బాకా వేరే జాతి. దాన్ని మన ఊళ్ళలో “మైకు” అంటారు. మైకు మనం మాట్లాడేది, మోగేది లౌడ్‌స్పీకరు అని ఎంత చెప్పినా ఎవరూ వినరు, వదిలేద్దాం.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. శంకువు ముందుకు కదిలినప్పుడు దాని ముందున్న గాలి నొక్కుకుపోతుంది, అది సంపీడనం. అదే క్షణంలో వెనకనున్న గాలి పలచబడుతుంది, అది విరళీకరణం. అంటే ఒకే స్పీకరు రెండు ధ్వనులను పుట్టిస్తున్నది, అవి ఒకదానికొకటి సరిగ్గా వ్యతిరేకం. స్పీకరును ఉత్తగా బల్లమీద పెడితే ముందు నొక్కుకున్న గాలి అంచు చుట్టూ తిరిగి వెనకనున్న ఖాళీలోకి జారిపోతుంది. విసనకర్రను మరీ నెమ్మదిగా కదిపి చూడండి. ముఖానికి గాలి తగలదు. రేకు చుట్టూ తప్పుకుని వెనక్కు పోతుంది. విసురుగా ఊపితే దానికి తప్పుకునే వ్యవధి ఉండదు. స్పీకరు సంగతీ దాదాపు ఇదే.

లెక్క వేసి చూద్దాం. మన ఎండల్లో గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. 3500 హెర్ట్జ్ పౌనఃపున్యం గల ధ్వనికి తరంగ దైర్ఘ్యం 10 సెంటీమీటర్లు, అంటే దాదాపు స్పీకరంత. అది ముందువైపు సూటిగా పోతుంది, వెనక్కు తిరగదు. కాని 100 హెర్ట్జ్ మంద్రధ్వనికి తరంగ దైర్ఘ్యం మూడున్నర మీటర్లు! దానిముందు అరచేతి వెడల్పు స్పీకరు ఒక అడ్డే కాదు. ముందు తరంగం, వెనక తరంగం కలిసిపోయి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. కీచుధ్వనులు బతుకుతాయి, మృదంగం ఎడమవైపు మోత చస్తుంది. ఉత్త స్పీకరు కీచుమనడానికి కారణం ఇదే. అందులో మంద్రధ్వని పుట్టక కాదు, పుట్టినచోటే రద్దయిపోతున్నది.

నమ్మకం లేకపోతే పెద్ద అట్టపెట్టె ఒకటి విప్పి పరిచి, మధ్యలో స్పీకరు శంకువంత రంధ్రం కోయండి. సెల్లులతో నడిచే చిన్న రేడియోకు తగిలించిన స్పీకరును చేత్తో పట్టుకుని పాట వినండి. తర్వాత దాన్ని ఆ రంధ్రం మీద నొక్కి పట్టండి. గొంతు చిక్కబడుతుంది. అట్ట చేసిన పని ఒక్కటే, ముందు గాలికీ వెనక గాలికీ మధ్య గోడ కట్టడం. ఆ గోడ 100 హెర్ట్జ్ వరకూ బాగా పనిచేయాలంటే పలక సుమారు 1.75 మీటర్ల పొడవూ వెడల్పూ ఉండాలి, అంటే తలుపుకన్నా పెద్దది.

తరంగాలు ఒకదాన్నొకటి చంపుకోవడం స్పీకరుకు శత్రువే గాని, మరొకచోట అదే మిత్రుడైంది. గన్నవరం విమానాశ్రయం దగ్గర ఉండేవాళ్ళకు విమానం హోరు కొత్తకాదు. తలుపులు మూసినా లోతైన ఆ హోరు లోపలికి వస్తూనే ఉంటుంది. విమానంలో కూర్చున్నవాళ్ళ చెవులకది ఇంకా ఎక్కువ. అమర్ బోస్ అనే ఇంజనీరు (ఆయన తండ్రి బెంగాలీ) 1978లో ఒక విమాన ప్రయాణంలో ఉండగా, ఆ హోరుకు సరిగ్గా వ్యతిరేక ధ్వనిని చెవి దగ్గరే పుట్టిస్తే రెండూ రద్దవుతాయి గదా అని ఆలోచించాడు. 1989 నాటికి పైలట్లు పెట్టుకునే అలాంటి చెవికప్పులు అమ్మకానికి వచ్చాయి. ఉత్త స్పీకరులో జరిగే నష్టమే అక్కడ లాభం.

మీ ఇంట్లో అటకమీద పాత వాల్వు రేడియో ఉంటే దాని వెనకవైపు చూడండి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైన నాటినుంచీ డెల్టాలో ఎన్నో ఇళ్ళవాళ్ళు కార్యక్రమాలు విన్నది అలాంటి పెట్టెల్లోనే. ముందూ పక్కలా చక్కని కర్ర, వెనక మాత్రం చిల్లుల అట్ట. వాల్వులు బాగా వేడెక్కుతాయి, గాలి ఆడాలి, అందుకని వెనక మూయలేదు. అందుచేత ఆ పెట్టె కొంత అడ్డుకట్టే గాని పూర్తి అడ్డుకట్ట కాదు.

కుండలో వెనక తరంగానికి దారే లేదు. అది లోపల బందీ. కాని బందీ ఊరుకుంటుందా? శంకువు లోపలికి వచ్చినప్పుడల్లా కుండలోని గాలి నొక్కుకుని దాన్ని బయటికి నెడుతుంది, బయటికి పోతే వెనక్కు లాగుతుంది. సైకిలు పంపు మూతిని వేలితో మూసి కాడను నొక్కి చూస్తే ఆ పట్టు తెలుస్తుంది. అంటే కుండలోని గాలి ఒక స్ప్రింగు. శంకువు అంచున ఉన్న మడతలు మరో స్ప్రింగు. రెండూ కలిస్తే శంకువు బిగుసుకుంటుంది. తీగను బిగిస్తే స్వరం పెరిగినట్టే శంకువు సహజ పౌనఃపున్యం కూడా పెరుగుతుంది. ఆ పౌనఃపున్యానికి దిగువన స్పీకరు మోత గబగబా పడిపోతుంది గనుక ఇది ముఖ్యమైన విషయం.

ఉదాహరణకు ఒక స్పీకరు సహజ పౌనఃపున్యం 50 హెర్ట్జ్ అనుకోండి. దాని మడతల బిగువు 18 లీటర్ల గాలి బిగువుతో సమానం అనుకోండి. 18 లీటర్ల కుండలో పెడితే బిగువు రెట్టింపవుతుంది. పౌనఃపున్యం బిగువుకు వర్గమూలంగా మారుతుంది గనుక 50ని 1.41తో గుణిస్తే సుమారు 71 హెర్ట్జ్. 6 లీటర్ల చిన్నకుండలో పెడితే బిగువు నాలుగు రెట్లు, పౌనఃపున్యం 100 హెర్ట్జ్. 54 లీటర్ల బాన తెచ్చి పెడితే 58 హెర్ట్జ్ దగ్గర ఆగుతుంది. చూశారా, 6 నుంచి 18కి పోతే 29 హెర్ట్జ్ కలిసివచ్చింది; 18 నుంచి 54కి పోతే కలిసివచ్చింది 13 మాత్రమే. “ఎంత పెద్దదైతే అంత బేసు” అన్న చిట్కా కొంతవరకే నిజం. ఆ తర్వాత పెరిగేది బరువూ ఖర్చూను.

ఇంకొక తమాషా ఉంది. మరీ చిన్నకుండలో స్పీకరు తన సహజ పౌనఃపున్యం దగ్గర అవసరానికి మించి మోగుతుంది. వినేవాళ్ళు “అబ్బ, ఏం బేసు!” అంటారు. నిజానికి వాళ్ళు వింటున్నది మృదంగం కాదు, కుండ. ఏ పాట పెట్టినా ఒకే “భోం భోం” వినిపిస్తే అనుమానించండి.

కుండలో ఎన్ని లీటర్లు పడతాయో తెలుసుకోవడానికి నీళ్ళు పోయకండి, మట్టి తడి పీల్చి ఆరడానికి రోజులు పడుతుంది. పొడి ఇసుక నింపి, దాన్ని లీటరు సీసాతో కొలవండి.

సందులు మూయమన్న చిట్కా పూర్తిగా నిజం. బిర్యానీ వండేవాళ్ళు మూత చుట్టూ పిండిముద్ద ఎందుకు అంటిస్తారు? ఆవిరి పోతే దమ్ము ఉండదు. ఇక్కడ గాలి పోతే స్ప్రింగు ఉండదు. పైగా సన్నని సందులోంచి దూసుకుపోయే గాలి బుసకొడుతుంది. కుండ మూతి ఎప్పుడూ చదునుగా ఉండదు గనుక స్పీకరు అంచుకింద సైకిలు ట్యూబు ముక్క వలయంగా కోసి వేసి, చుట్టూ ఎం-సీల్ ముద్ద పెట్టేవాళ్ళున్నారు. బాగానే పనిచేస్తుంది. నీళ్ళు చెమర్చే కుండ గాలిని వదలదా అని మీరడగవచ్చు. ఆ రంధ్రాలు అతి సన్నవి, మూతి దగ్గర సందుతో పోలిస్తే లెక్కలోకి రావు. కుండకు రంగు పూస్తే అవీ మూసుకుంటాయి.

అన్నిటికన్నా వింత చిట్కా దూదిది. కుండలో దూది పెడితే లోపల చోటు తగ్గాలి గదా? కాని కుండ పెద్దదైనట్టు పనిచేస్తుంది! దీని వెనక న్యూటన్ కథ ఉంది. న్యూటన్ 1687లో అచ్చయిన తన గ్రంథంలో గాలిలో ధ్వని వేగాన్ని లెక్క కట్టాడు. ఆ సూత్రం ప్రకారం 0 డిగ్రీల దగ్గర సెకనుకు 280 మీటర్లు రావాలి. కొలిస్తే వచ్చేది 331. తేడా ఎక్కడ? 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాప్లాస్ దాన్ని పట్టుకున్నాడు. గాలిని చటుక్కున నొక్కితే వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టాక పంపు తాకితే మీకే తెలుస్తుంది. వేడెక్కిన గాలి మరింత బలంగా తిరగబడుతుంది. ధ్వని తరంగంలో ఆ వేడి బయటికి పోవడానికి వ్యవధి ఉండదు, కాబట్టి గాలి బిగువు న్యూటన్ అనుకున్నదానికి 1.4 రెట్లు. ఇప్పుడు కుండలో దూది వదులుగా నింపామనుకోండి. ప్రతి పోగు పక్కనున్న గాలి వేడిని పుచ్చుకుంటుంది, గాలి చల్లబడగానే తిరిగి ఇస్తుంది. గాలి వేడెక్కదు, బిగువు తగ్గుతుంది. న్యూటన్ లెక్క బయట తప్పింది గాని దూది కుండలో దాదాపు ఒప్పవుతుంది. సిద్ధాంతం ప్రకారం 6 లీటర్ల కుండ గరిష్ఠంగా 8.4 లీటర్ల కుండలా పనిచేయాలి. ఆచరణలో అంత రాదు, వచ్చినంత లాభమే. దూదిని పీకి, వదులుగా పెట్టాలి; దిండులా కుక్కితే గాలికి చోటుండదు. శంకువుకు తగలకుండా పల్చటి గుడ్డ అడ్డం కట్టాలి.

పల్చటి చెక్క దండగన్నది కూడా నిజమే. చదునైన పలక లోపలి ఒత్తిడికి డప్పులా కంపిస్తుంది, దాని మోత పాటలో కలుస్తుంది. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్ర తేలిక, మెత్తన. బొమ్మకు దానికి సాటిలేదు గాని పెట్టెకు పనికిరాదు. ముప్పావు అంగుళం ప్లైవుడ్డు వేసి, లోపల ఒక అడ్డకర్ర బిగిస్తే పలక కదలదు. కుండకు ఆ బాధ లేదు. గుండ్రని గోడ కోడిగుడ్డు పెంకులా ఒత్తిడిని తనలోనే పంచుకుంటుంది. 1951లో హ్యారీ ఓల్సన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు రకరకాల ఆకారాల పెట్టెలను పరీక్షించి, గోళాకారంలో ఉన్నదే అన్ని స్వరాలనూ ఎక్కువ తక్కువలు లేకుండా పలికించిందని చూపాడు. మన కుండకు లోపం ఒకటే, అది కప్పుకేసి పాడుతుంది. తారస్వరాలు సూటిగా పోయేవి గనుక మాటల స్పష్టత పైకి పోతుంది. చుట్టకుదురు మీద కుండను వాల్చి, మూతి మీవైపు తిప్పుకుంటే సరి.

కొన్ని పెట్టెలకు కావాలని ఒక గొట్టం పెడతారు. ఖాళీ సీసా మూతిమీద ఊదితే ఒక స్వరం వస్తుంది గదా, మెడలోని గాలి బరువుగా, బొజ్జలోని గాలి స్ప్రింగుగా ఊగుతాయి. ఘటం మోగేది కూడా కొంత ఇలాగే. విద్వాంసుడు మూతిని పొట్టకు ఆనించి స్వరం మార్చడం మీరు చూసే ఉంటారు. 1932లో అమెరికాలో పేటెంటు పొందిన ఆల్బర్ట్ థురాస్ పద్ధతిలో ఈ ఊగుడు వెనక తరంగాన్ని తిప్పి, ముందు తరంగానికి తోడుగా బయటికి పంపుతుంది. కొలత కుదరకపోతే లాభానికి బదులు మోత. చాలాకాలం అది కోసి చూసి సరిదిద్దుకునే పనిగానే ఉండేది. 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్, తర్వాత 1970లలో రిచర్డ్ స్మాల్ దానికి లెక్కలు కట్టారు. మనం పైన 18 లీటర్లతో చేసిన లెక్క ఆ దారిలో మొదటి మెట్టు. కుండకు గొట్టం పెట్టాలని ఉంటే కాల్చిన కుండకు బెజ్జం వేయబోకండి, పగులుతుంది. పచ్చిగా ఉన్నప్పుడే కుమ్మరిని అడిగి పెట్టించుకోవాలి.

రెండు కుండలు చేసేవాళ్ళకు ఒక్కమాట. రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు మంద్రధ్వని పెరగడానికి బదులు పలచబడితే, ఒకటి ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కు లాగుతున్నదన్నమాట. సెల్లు తాకించి రెండు శంకువులూ ఒకేవైపు కదులుతున్నాయో లేదో చూడండి. లేకపోతే ఒకదాని తీగలు మాత్రమే తారుమారు చేయండి. రెండింటివీ మారిస్తే మళ్ళీ మొదటికే వస్తారు.