రాజీకి తటస్థ దేశం పూనుకోవాలా?

జంషెడ్‌పూర్‌కు ఆ పేరు దక్కింది ఒక యుద్ధం వల్లనే. మొదటి ప్రపంచ యుద్ధంలో టాటా ఉక్కు కర్మాగారం సమకూర్చిన రైలు పట్టాలకు కృతజ్ఞతగా, 1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చీకి జంషెట్‌జీ టాటా పేరు పెట్టారు.

నూరేళ్ళ తర్వాత మరో దూరపు యుద్ధం ఆ నగరాన్ని తాకింది. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తడంతో, అప్పటికే ప్రియమై ఉన్న కోకింగ్ బొగ్గు ధర మార్చిలో టన్నుకు 600 డాలర్లు దాటింది. ఏప్రిల్‌లో టాటా స్టీల్ రష్యాతో వ్యాపారం మానుకొంటున్నట్లు ప్రకటించింది. దేశీయ ధరలను అదుపు చేసేందుకు కేంద్రం మే నెలలో పలు ఉక్కు ఉత్పత్తుల ఎగుమతిపై 15 శాతం సుంకం విధించి, నవంబరులో ఎత్తివేసింది. ఆబోతుల కుమ్ములాటలో లేగదూడల కాళ్ళు విరిగినట్లు, వైరం ఎవరిదైనా భారం ఉక్కును నమ్ముకొన్న ఊళ్ళపై పడుతుంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఇందుకు మినహాయింపు కావు.

కనుక వైరి పక్షాల రాజీని చిన్న తటస్థ దేశాలు ప్రోత్సహించడం స్వప్రయోజనానికే అవసరం. ఎలా ప్రోత్సహించాలన్నదే చిక్కు.

స్విట్జర్లాండ్ 2022 ఫిబ్రవరి 28న రష్యాపై ఐరోపా సమాజపు ఆంక్షలను స్వీకరించింది. ఆ దేశాన్ని ఇక తటస్థంగా పరిగణించబోమని మాస్కో ప్రకటించింది. 2024 జూన్ 15, 16 తేదీలలో బుర్గెన్‌స్టాక్‌లో స్విస్ ప్రభుత్వం జరిపిన శాంతి సదస్సుకు రష్యాకు ఆహ్వానం లేదు. భారత్ హాజరైనా, ఉభయులకూ సమ్మతమైన మార్గమే నిలుస్తుందంటూ ప్రకటనపై సంతకం చేయలేదు.

1962లో సిలోన్ మరో దారి తొక్కింది. భారత్, చైనా యుద్ధానంతరం ప్రధాని సిరిమావో బండారనాయకే డిసెంబరు 10 నుంచి ఆరు అలీన దేశాలను కొలంబోలో సమావేశపరచి, ఆ ప్రతిపాదనలను స్వయంగా పెకింగ్‌కూ ఢిల్లీకీ తీసుకువెళ్ళారు. చైనాను దురాక్రమణదారుగా ఖండించలేదన్న అసంతృప్తి భారత్‌లో వ్యక్తమైంది. అయినా భారత్ వాటిని పూర్తిగా ఆమోదించింది. చైనా మినహాయింపులతో సూత్రప్రాయంగా ఒప్పుకొంది. సరిహద్దు తగాదా తీరలేదు. కాని ఆమెకు రెండు రాజధానులలోనూ తలుపులు తెరుచుకొన్నాయి.

దాడికి గురైనవానినీ, దాడి చేసినవానినీ ఒకే త్రాసులో తూచడం న్యాయమా అన్న ప్రశ్న సమంజసమే. తప్పును తప్పనే హక్కు చిన్న దేశానికీ ఉంది. అయితే ఒక పక్షంపై ఆంక్షలు విధించిన చేతితోనే ఇరుపక్షాలకూ పీట వేయడం కష్టం. శిక్షించే పనీ, సంధి చేసే పనీ వేర్వేరని గుర్తించి, తాను ఏది చేయగలదో ముందే తేల్చుకోవడం చిన్న దేశానికి శ్రేయస్కరం.