మంద కదిలినా బడి ఆగకుండా

కెన్యా నేలలో 80 శాతానికి పైగా వాన సరిగా పడని మెట్ట, ఎడారి ప్రాంతమే. మాసాయి, సంబురు, తుర్కానా, సోమాలీ, రెండిల్లే వంటి పశుపాలక జాతులు అక్కడ ఆవులు, ఒంటెలు, మేకలు, గొర్రెలు మేపుకుని బతుకుతాయి. మేత ఎక్కడుంటే మంద అక్కడికి వెళ్లాలి. పల్లెలు దూరదూరంగా ఉంటాయి కాబట్టి చిన్నపిల్లలు రోజూ నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో బడి ఉండటం అరుదు. 2003లో ప్రభుత్వం ప్రాథమిక విద్యను ఉచితం చేశాక దేశమంతటా పిల్లలు బడులకు పోటెత్తారు. ఈ ప్రాంతాలు మాత్రం వెనకబడే ఉన్నాయి, వాటిలోనూ ఆడపిల్లలు మరీ వెనకబడ్డారు. ఫీజు ఒక్కటే అడ్డయి ఉంటే అలా జరిగేది కాదు.

మొదటి అడ్డు ఇంటి పని. నీళ్లు, కట్టెలు తేవడం, దూడలనూ మేకపిల్లలనూ చూడటం, తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ ఎత్తుకోవడం ఆడపిల్ల వంతు. దానికన్నా బలమైనది పెళ్లి లెక్క. అక్కడ ఓలి పశువుల రూపంలో వస్తుంది. అంటే కూతురి పెళ్లితో తండ్రి మంద పెరుగుతుంది. పశువే ఆస్తి, ఆహారం, పరువు అయిన చోట ఆ లెక్కను మూర్ఖత్వమని కొట్టిపారేయలేం. కరవు వచ్చినప్పుడు అది మరీ కఠినంగా మారుతుంది. 2020 చివరి నుంచి వరసగా అయిదు వాన రుతువులు మొహం చాటేశాయి. కెన్యాలో 25 లక్షలకు పైగా పశువులు చనిపోయాయి. మగవాళ్లు మిగిలిన మందను తోలుకుని దూరం వెళ్తే ఇంటి దగ్గర ఆడవాళ్లకు నీళ్ల నడక పెరుగుతుంది. పోయిన పశువులను తిరిగి కూడబెట్టే దారిగా కూతురి పెళ్లే కనిపిస్తుంది.

ఈ జాతుల్లో కొన్నింటిలో పెళ్లికి ముందు జరిగేది ఆడపిల్ల జననాంగాలను కోసే ఆచారం. మాసాయి, సంబురు కుటుంబాల్లో కోత జరిగితే పిల్ల పెద్దదైనట్టే, ఇక సంబంధాలు చూడొచ్చు. అందుకే కోతకూ చదువు ఆగిపోవడానికీ మధ్య దూరం చాలా తక్కువ. 2011 నాటి చట్టం ఈ కోతను పూర్తిగా నిషేధించింది. 2014 నాటి వివాహ చట్టం పెళ్లికి కనీస వయసు 18 ఏళ్లని చెప్పింది. చట్టం అవసరమే. అయితే పోలీసు స్టేషనే ఎంతో దూరాన ఉండే చోట దాని చేయి అందదు. కోత రహస్యంగా సాగుతుంది, ఎక్కువగా బడి సెలవుల్లోనే. పుండు మానడానికి వారాలు పడుతుంది కాబట్టి నవంబరు, డిసెంబరు నెలల దీర్ఘ సెలవులే అత్యంత ప్రమాదకరమైన కాలం. ఆడపిల్లను బడిలో నిలబెట్టాలనుకునే వాళ్లు ముందుగా పట్టించుకోవలసింది ఈ సెలవులనే.

అందుకే బోర్డింగ్ బడులు, వాటికి తోడు ఆశ్రయ కేంద్రాలు వచ్చాయి. నరోక్ పట్టణంలో ఆగ్నెస్ పరేయో 2002లో స్థాపించిన తసారు కేంద్రం కోత నుంచీ పెళ్లి నుంచీ పారిపోయి వచ్చిన పిల్లలకు చోటిస్తుంది, చదివిస్తుంది, తర్వాత తల్లిదండ్రులతో మాట్లాడి రాజీకి ప్రయత్నిస్తుంది. ఆ చివరి పని చాలా ముఖ్యం. ఇల్లు పూర్తిగా దూరమైన పిల్ల ఒక గాయాన్ని తప్పించుకుని ఇంకో గాయాన్ని మోస్తుంది.

ఎనోసాయెన్ పల్లెకు చెందిన కకెన్యా న్తయియా కథ ఈ రాజీకి మరో రూపం. అయిదేళ్ల వయసులోనే ఆమెకు పెళ్లి నిశ్చయమైంది. కోతకు ఒప్పుకోవాలంటే హైస్కూలు పూర్తి చేయనివ్వాలని ఆమె తండ్రికి షరతు పెట్టింది. చదువు కోసం ఒక పిల్ల చెల్లించిన ఆ వెల తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. తర్వాత ఊరి పెద్దల మద్దతుతో అమెరికా వెళ్లి చదివి, 2009లో సొంత ఊళ్లో ఆడపిల్లల బడి తెరిచింది, ఆపైన డాక్టరేట్ కూడా పూర్తి చేసింది. కూతురికి కోత చేయించబోమని, చిన్నతనంలో పెళ్లి చేయబోమని తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే అక్కడ సీటు. తాను ఒంటరిగా చేసుకోవలసి వచ్చిన బేరాన్ని ఆమె ఆ పిల్లల తరఫున బడి చేతే చేయించింది.

తక్కిన ఉపాయాలు చిన్నవే అయినా పనికొచ్చేవి. ఉత్తర కెన్యాలో మందతోపాటే ఉపాధ్యాయుడు కదిలే సంచార బడులున్నాయి. అవి మొదటి తరగతులకే సరిపోతాయి, ఆపైన హాస్టల్ తప్పదు. సంబురు ప్రాంతంలో పగలు పశువులు కాసే పిల్లలకు సాయంత్రం పాఠాలు చెప్పే ఏర్పాటు ఉంది. కరవులో బడి భోజనం ఒక్కటే పిల్లను బడికి రప్పించిన రోజులు ఎన్నో. బడికెళ్లే ఆడపిల్లలకు ప్రభుత్వమే ఉచితంగా శానిటరీ ప్యాడ్లు ఇవ్వాలని 2017లో చట్టం చేశారు. గర్భం దాల్చిన విద్యార్థిని కాన్పు తర్వాత తిరిగి చేరవచ్చనే విధానం 1994 నుంచే ఉంది.

లోటల్లా డబ్బు దగ్గర. ఆశ్రయ కేంద్రాలు ఎక్కువగా దాతల మీదే ఆధారపడి నడుస్తున్నాయి. దాత చేయి వెనక్కి తీసుకుంటే పిల్ల మళ్లీ ఇంటికే. మన దగ్గర 2004లో మొదలైన కస్తూర్బా బాలికా విద్యాలయాలు ప్రభుత్వ సొమ్ముతో నడుస్తున్నాయి, ఎన్ని లోపాలున్నా వాటి సీటు ఏటా ఒక దాత దయ మీద ఆధారపడదు. కెన్యా ఎడారి ప్రాంతాల ఆడపిల్లకూ హాస్టల్ సీటు, సెలవుల్లో తలదాచుకునే చోటు సర్కారు బడ్జెట్ నుంచే రావాలి.