జొన్న రొట్టె సరే, జొన్న బీరు సంగతేంటి?

ఎండాకాలం కర్నూలులో నాలుగడుగులు వేస్తే చాలు, రాగి మాల్ట్ బండి కనిపిస్తుంది. గ్లాసు తాగేసి మన దారిన మనం పోతాం. ఆ ‘మాల్ట్’ అంటే ఏంటో ఎప్పుడైనా ఆలోచించారా? గింజని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే వచ్చేదే మాల్ట్. బీరు తయారీలో మొదటి మెట్టు కూడా ఇదే.

కాకపోతే బీరుకి ఎక్కువగా వాడేది బార్లీ. మన నల్లరేగడిలో పండేవి జొన్న, కొర్ర. మరి మన పంటతో ఒక చిన్న క్రాఫ్ట్ బ్రూవరీ నడపొచ్చా? నడిపితే రైతుకి ఏమొస్తుంది?

ముందు కెమిస్ట్రీ

గింజలో ఉండేది స్టార్చ్. ఈస్ట్ దాన్ని తినలేదు, దానికి చక్కెర కావాలి. గింజ మొలకెత్తేటప్పుడు అమైలేజ్ అనే ఎంజైములు పుడతాయి. మాల్ట్‌ని మరపట్టి వేడినీళ్ళలో కలిపితే అవి స్టార్చ్‌ని చక్కెరగా విడగొడతాయి. ఆ తియ్యటి నీళ్ళని వడకట్టి, చేదు కోసం హాప్స్ అనే పూలు వేసి మరిగించి, చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. చక్కెర కాస్తా ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ అవుతుంది.

జొన్నతో పేచీ ఉష్ణోగ్రత దగ్గర వస్తుంది. బార్లీ స్టార్చ్ 60-65 డిగ్రీల దగ్గరే ఉడికి విచ్చుకుంటుంది. జొన్న స్టార్చ్‌కి 70 డిగ్రీలు దాటాలి. అంత వేడిలో ముఖ్యమైన ఎంజైము చచ్చిపోతుంది. తలుపు తెరుచుకునే లోపే తాళంచెవి కరిగిపోయినట్టు! దీనికో ఉపాయం ఉంది. ఎంజైములున్న నీళ్ళని ముందే తీసి పక్కన పెట్టి, మిగతా పిండిని ఉడికించి, 65కి చల్లారాక ఆ నీళ్ళు తిరిగి కలపాలి.

ఇంకో జాగ్రత్త. నీళ్ళెద్దడికి గిడసబారిన లేత జొన్న మేస్తే గొడ్లు చనిపోతాయని మన పల్లెల్లో అందరికీ తెలుసు. దాన్నే ‘నాము’ అంటారు. సైనైడ్‌ని పుట్టించే ఆ పదార్థం మొలకల్లోనూ ఉంటుంది. అందుకే మాల్ట్ ఆరబెట్టాక మొలకల్ని, వేళ్ళని రాల్చి తీసేయాలి.

ఇదంతా కొత్త కాదు. దక్షిణాఫ్రికా ఇళ్ళలో తరతరాలుగా జొన్నతో ‘ఉమ్‌కోంబోతి’ చేస్తున్నారు. 1980ల చివర్లో నైజీరియా బార్లీ దిగుమతిని ఆపేస్తే అక్కడి పెద్ద కంపెనీలే జొన్నకి మారాయి. రుచికి మన దగ్గరా సరుకుంది. బెల్జియం గోధుమ బీరులో నారింజ తొక్క, ధనియాలు వేస్తారు. పులివెందుల చీనీకాయ తొక్క వాసన తెలిసినవాళ్ళకి ఇంకేం చెప్పాలి!

ఇప్పుడు లెక్క

500 లీటర్ల బ్యాచ్‌కి సుమారు 100 కిలోల గింజ కావాలి. 2024-25లో హైబ్రిడ్ జొన్న మద్దతు ధర క్వింటాలుకి 3,371 రూపాయలు. అంటే 330 మిల్లీలీటర్ల గ్లాసులో రైతు వాటా రెండు రూపాయల చిల్లర. వారానికి రెండు బ్యాచ్‌లు తీస్తే ఏడాదికి 104 క్వింటాళ్ళు. ఎకరాకి 10 క్వింటాళ్ళు అనుకుంటే, ఒక బ్రూవరీ కొనేది పదెకరాల పంట. అంతే!

నీళ్ళో? లీటరు బీరుకి కనీసం 5 లీటర్లు అనుకుందాం. చిన్న యూనిట్లలో ఇంకా ఎక్కువే పడుతుంది. అంటే వారానికి 5,000 లీటర్లు, ఒక ట్యాంకర్. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడే చోట ఆ ట్యాంకర్ ఎవరి బోరు నుంచి వస్తుందన్నది అడగాల్సిన ప్రశ్న. మిగిలిన పిప్పి బర్రెలకి మంచి దాణా. కానీ ఒకట్రెండు రోజుల్లో పులిసిపోతుంది.

ఇంకొకటీ మర్చిపోకూడదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటం 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా వెళ్ళింది. మందుతో సంసారాలు కూలడం కళ్ళారా చూసినవాళ్ళకి ‘లోకల్ బీరు, రైతుకి మేలు’ అని చెప్పాలంటే పై లెక్క సరిపోదు.

మరి ఏం చేయొచ్చు?

నా ఉద్దేశంలో మనకి కావాల్సింది బ్రూవరీ కన్నా ముందు మాల్ట్ యూనిట్. నానబెట్టే తొట్టి, మొలకెత్తించే అర, ఆరబెట్టే డ్రయ్యర్: ఉన్నవి ఈ మూడే. దీనికీ నీళ్ళు కావాలి, కానీ సరుకు ఒక్క బీరుకే పోదు. పసిపిల్లల ఆహారం, జావ, బిస్కెట్లు, అన్నిటికీ మాల్ట్ పిండి కావాలి. హైదరాబాద్, బెంగళూరు మైక్రోబ్రూవరీలు కొంటే కొననీ, వాళ్ళూ ఒక కస్టమర్. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం ‘సూర్యనంది’ లాంటి కొర్ర రకాన్ని ఇచ్చింది. గింజ పని వాళ్ళు చేశారు. తేమని, వేడిని కంట్రోల్ చేసే చవక డ్రయ్యర్ మన పని. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి టాపిక్ వెతుకుతున్న మెకానికల్, ఈసీఈ వాళ్ళు కాస్త ఆలోచించండి.

హాస్టల్ రూంలో బకెట్టు పెట్టి బీరు ట్రై చేద్దామనుకునే మహానుభావులకి ఒక మాట: లైసెన్స్ లేకుండా చేస్తే కేసే. ఇంట్లో వాడుకోవడానికి చేసుకునే మాల్ట్‌కి మాత్రం ఏ లైసెన్సూ అక్కర్లేదు. మా అవ్వ తడిగుడ్డలో రాగులు మూటకట్టి మూడోరోజు ఎండేస్తుంది. ఈసారి ఊరికెళ్ళినప్పుడు థర్మామీటర్ పట్టుకెళ్ళి పక్కన కూర్చుంటా.