నలభై గళ్ల సంచి

నేను విజయవాడలో ఆడిటర్ని. పగలంతా ఊళ్లోవాళ్ల జమాఖర్చులు చూస్తాను. రాత్రి ఇల్లు సద్దుమణిగాక లాప్‌టాప్‌లో ‘డయాబ్లో’ తెరిచి, నా సంచిలో ఏది ఉంచాలో ఏది పారేయాలో లెక్కేసుకుంటాను. “ఇవేం బొమ్మలు మావయ్యా, గళ్లుగళ్లుగా!” అని మా మేనల్లుడి వెక్కిరింపు. వాడి ఫోన్లోని గేముల పక్కన ఇవి వెలవెలబోయే మాట నిజమే.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. ట్రిస్ట్రమ్ అనే ఊరు, అక్కడో పాడుబడ్డ చర్చి, దానికింద 16 అంతస్తుల నేలమాళిగ. మెట్లు దిగాలి, ఎదురొచ్చిన అస్థిపంజరాలను మౌస్ నొక్కి కొట్టాలి, అవి వదిలిన కత్తులూ కవచాలూ ఏరుకోవాలి, బలం పుంజుకుని ఇంకా కిందికి దిగాలి. అంతే! కాలిఫోర్నియాలో డేవిడ్ బ్రెవిక్, మాక్స్, ఎరిక్ షేఫర్ సోదరులు పెట్టిన చిన్న కంపెనీ తయారుచేసిన ఈ ఆట 1997 కొత్త సంవత్సరం వేళ అమ్మకానికొచ్చింది. కుర్రతనంలో బ్రెవిక్ ఉన్న ఊరి పక్క కొండ పేరే డయాబ్లో.

దీని మూలాలు 1980 నాటి ‘రోగ్’లో ఉన్నాయి. అందులో బొమ్మలే లేవు. ఈమెయిల్ చిరునామాలో వాడే ‘ఎట్’ గుర్తే వీరుడు, ఇంగ్లీషు పెద్దక్షరాలు రాక్షసులు. ఆ బాటలో వచ్చిన ఆటలంటే బ్రెవిక్‌కు పిచ్చి. అందుకే మొదట ‘డయాబ్లో’ను కూడా మనం ఒక అడుగు వేస్తే రాక్షసుడు ఒక అడుగు వేసేలా అనుకున్నాడు. వంతులు తీసేయమని, ఆటను మార్కెట్లోకి తెచ్చే బ్లిజార్డ్ కంపెనీవాళ్లు పట్టుబట్టారు. ఇష్టం లేకుండానే ఓ మధ్యాహ్నం కూర్చుని మార్చాడు. క్లిక్ చేయగానే యోధుడు నడిచెళ్లి అస్థిపంజరాన్ని పొడిపొడి చేశాడు. వాదన అక్కడితో సరి.

వంతులు పోయినా ‘రోగ్’ ఆయువుపట్టు మాత్రం అలాగే ఉంది. కొత్త ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ కంప్యూటర్ పేకముక్కలు కలిపి పంచినట్టు గదులనూ దారులనూ కలిపేస్తుంది. నిన్నటి దారి బట్టీపట్టి లాభం లేదు.

ఇక సంచి. నా దృష్టిలో అసలు కిటుకు ఇదే. వరసకు పది చొప్పున నాలుగు వరసలు, మొత్తం 40 గళ్లు. మందు సీసాకు ఒక గడి, కవచానికి ఆరు. బంగారానికీ చోటు కావాలి, గడికి 5,000 నాణేలు. దాచుకోడానికి పెట్టె లేదు. అందుకే మేమంతా ట్రిస్ట్రమ్ వీధుల్లోనే సామాను పరిచేవాళ్లం. చోటు తక్కువ కాబట్టే ప్రతి వస్తువునూ తూచి చూస్తాం. చీకట్లో ఉంగరం పడితే కంటికి ఆనదు. ‘టింగ్’మని చిన్న చప్పుడొస్తుంది. ఆ చప్పుడుకు ఇప్పటికీ నా చెయ్యి ఆగిపోతుంది.

2000లో వచ్చిన ‘డయాబ్లో 2’లో బంగారానికి విలువ లేకుండా పోతే, ఆన్‌లైన్‌లో జనం స్టోన్ ఆఫ్ జోర్డన్ అనే ఉంగరాన్నే డబ్బుగా వాడుకున్నారు. ఏ రిజర్వు బ్యాంకూ చెప్పకుండానే! ఆడిటర్‌గా నాకు ఇంతకంటే ముచ్చటైన సంగతి లేదు. 2012లో మూడో భాగం మాత్రం అసలు డబ్బుతోనే వస్తువులు కొనే వేలంశాల తెరిచింది. సంతలో దొరికేదానికోసం నేలమాళిగ దిగడమెందుకు? 2014 మార్చిలో దాన్ని మూసేశారు. వెతికి దొరికించుకోవడంలో ఉన్న రుచి కొనుక్కోవడంలో లేదని కంపెనీకీ తెలిసొచ్చింది.

పాతదంతా బంగారమని అనను. మొదటి ఆటలో పరుగు లేదు. మంత్రగత్తె గుడిసె దాకా ఈడ్చుకుంటూ నడవాలి. దగ్గరికెళ్తే పారిపోయి దూరం నుంచి బాణాలేసే మేకతల జీవులు విసిగిస్తాయి. అయినా 2021లో రెండో భాగానికి కొత్త సొగసులు అద్దినప్పుడు, అడుగున పాత ఆటనే కదపకుండా ఉంచారు. కంప్యూటర్లో ‘జీ’ మీట నొక్కితే పాత బొమ్మలు ప్రత్యక్షం. నేను నొక్కుతూనే ఉంటాను.

మొదటి ‘డయాబ్లో’ 2019 నుంచి జీఓజీ సైట్‌లో అమ్మకానికుంది. మామూలు లాప్‌టాప్ చాలు. కొత్తగా ఆడేవాళ్లు ముందే గైడ్లు చదవకండి. రెండో అంతస్తులో నెత్తురు మరకల గది కనబడితే మాత్రం, ఊళ్లోకెళ్లి మందు సీసాలు నింపుకున్నాకే తలుపు తెరవండి.