లైఫ్ జాకెట్ ప్రాణం తీయదు: పాపికొండల బోటు షికారుపై అపోహలు – వాస్తవాలు

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో దసరా సెలవులు దగ్గరపడితే రెండు పనులు మొదలవుతాయి. కోరమండల్‌లోనో ఈస్ట్ కోస్ట్‌లోనో బెర్తులు దొరుకుతాయా అని చూసుకోవడం ఒకటి. ఊరెళ్ళినప్పుడు పిల్లల్ని ఎక్కడెక్కడ తిప్పాలో లెక్కలు వేసుకోవడం రెండోది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వచ్చి వర్క్‌షాపులోనూ యార్డులోనూ కుదురుకున్నవాళ్ళ మనవలు, మునిమనవలు చాలామంది ఇక్కడున్నారు. రాజమండ్రిలో దిగి, చుట్టాల ఇంట ఒక రాత్రి ఉండి, మర్నాడు పాపికొండలు చూసి రావాలన్నది వాళ్ళలో ఎందరికో ఉన్న కోరిక.

పాపికొండల మాట ఎత్తగానే వెంటనే ఇంకో మాట వస్తుంది. "కచ్చులూరులో జాకెట్లు ఏసుకున్నోళ్ళే పోయారంట గదా! బోటు తిరగబడితే అది మనిషిని పైకి లేపి లోపలే నొక్కేస్తాదంట. ఎక్కేటప్పుడు ఏసుకున్నట్టు చూపించి, బోటు కదిలాక తీసెయ్యాలి." చెప్పేవాళ్ళు మంచి మనసుతోనే, పిల్లలమీద ప్రేమతోనే చెబుతారు. కానీ గోదావరి మీదికి వెళ్ళే కుటుంబానికి ఇంతకంటే చెడ్డ సలహా ఇంకోటి ఉండదు. ఈ మాట నమ్మి రేవు దాటగానే పిల్లాడి ఒంటిమీది జాకెట్ విప్పి సీటు కిందికి తోసే తల్లి, వాడికి ఉన్న ఒక్క ఆసరానూ తన చేతులతోనే తీసేస్తోంది.

కచ్చులూరులో జరిగింది ఇది. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. గండి పోచమ్మ గుడి దగ్గర నుంచి రాయల్ వశిష్ట అనే బోటు పాపికొండలకు బయలుదేరింది. గోదావరిలో ఆ రోజు దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళకు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర బోటు ఒరిగి మునిగిపోయింది. ఉన్నవారు 77 మంది. ఒడ్డునున్న గిరిజన గ్రామాలవాళ్ళు నాటుపడవలు వేసుకొచ్చి 26 మందిని కాపాడారు. మిగిలిన 51 మందిలో కొందరి శవాలైనా ఇళ్ళకు చేరలేదు. బతికిన వాళ్ళలో పలువురు తమను నీటిపైన నిలబెట్టింది జాకెట్టేనని చెప్పారు. ఉక్కగా ఉందని, భోజనానికి అడ్డమని అంతకుముందే చాలామంది వాటిని విప్పేశారన్నదీ వాళ్ళ నోటి నుంచి వచ్చిన మాటే. అంటే జరిగినదాన్ని సరిగ్గా తలకిందులు చేసి చెబుతున్నారన్నమాట. విప్పినందువల్ల జరిగిన నష్టాన్ని వేసుకున్నదాని మీదికి నెట్టేశారు.

ఈ అపోహ ఇంత గట్టిగా పాతుకుపోవడానికి ఒక కారణముంది. దొరికిన కొన్ని శవాలకు జాకెట్లు ఉండి ఉంటే, జాకెట్టే చంపిందన్న నిర్ణయానికి రావడం తేలిక. బకిల్ పెట్టకుండా భుజాలకు తగిలించుకున్న జాకెట్ నీళ్ళలో పడగానే తలమీదుగా జారిపోతుందని, పెద్దవాళ్ళ జాకెట్‌లోంచి నాలుగేళ్ళ పిల్లాడు కిందికి జారిపోతాడని ఎవరూ ఆలోచించరు. అది జాకెట్ తప్పు కాదు, వేసుకున్న తీరు తప్పు.

నీళ్ళలో మనిషి శరీరం బరువు చాలా తక్కువ. తల నీటి పైన నిలవడానికి కావలసింది కొద్దిపాటి ఊతమే. నదుల్లో వాడే మామూలు ఫోమ్ జాకెట్ పది కిలోల దాకా పైకి నెట్టే బలం ఇస్తుంది. అది మనిషికి కాళ్ళూ చేతులూ ఆడించకుండా శ్వాస తీసుకునే వీలు కల్పిస్తుంది. నాటుపడవ వచ్చి చేరేదాకా బతికి ఉండాలంటే కావలసింది ఆ వీలే. మునిగిపోతున్న మనిషి సినిమాల్లోలాగా చేయి ఊపి కేకలు పెట్టడు. నోరు నీటిమట్టానికి వచ్చీపోతూ ఉంటే అరవడానికి ఊపిరే ఉండదు. ఆ స్థితిలో పైన నిలవగలిగేది 20 నుంచి 60 సెకన్లే. ఒడ్డున ఉన్న పడవ తాడు విప్పేలోపే ఆ సమయం అయిపోతుంది.

సుడిగుండం వస్తే జాకెట్ ఉన్నా లాగేస్తుందనే వాదన కూడా దీనికే తోక. సుడి కాసేపు కిందికి లాగవచ్చు. జాకెట్ ఉన్న మనిషి మళ్ళీ పైకి వస్తాడు, లేని మనిషి రావడం కష్టం.

ఈ మొత్తం వదంతిలో ఒక్క ముక్క మాత్రం నిజం, ఒప్పుకోవాల్సిందే. అద్దాలు బిగించిన కింది అంతస్తు ఏసీ హాలులో కూర్చున్నప్పుడు బోటు తిరగబడితే, ఫోమ్ జాకెట్ మనిషిని పైకి, అంటే అప్పుడు కప్పుగా మారిన నేల వైపుకు నెడుతుంది. బయటపడాలంటే కిందికి మునిగి కిటికీలోంచి దూరాలి. పది కిలోల బలం ఆ పనికి అడ్డు నిలుస్తుంది. రాయల్ వశిష్టను కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న బయటకు లాగింది. నెల దాటిన తర్వాత కూడా దాని లోపల శవాలు దొరికాయి. అంతకుముందు, 2018 మే 15న మంటూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు గాలివాన తగ్గేదాకా తలుపులు, కిటికీలు మూసుకుని కూర్చున్నవాళ్ళు లోపలే చిక్కుకుపోయారు. ఆ ప్రమాదంలో దాదాపు 20 మంది చనిపోయారు. వాళ్ళను లోపల పట్టి ఉంచినవి మూసిన తలుపులే.

అంచేత దీని నుంచి నేర్చుకోవలసింది జాకెట్ విప్పడం కాదు, మూసిన హాలులో కూర్చోకపోవడం. ఏసీ టిక్కెట్టుకు ఎక్కువ డబ్బు పెట్టి కింది గదిలో బిగించుకుని కూర్చోవడం కన్నా, తెరిచిన డెక్ మీద, అంచు కటకటాలకు దగ్గరగా, బయటికి దారి కనిపించేచోట కూర్చోవడం మేలు. గాలివాన వచ్చినప్పుడు కిటికీలు మూసెయ్యమని అడిగేవాళ్ళు ఉంటారు. తడిసినా పరవాలేదు, మూయనివ్వకూడదు.

"మాకు ఈత వచ్చు" అనేది రెండో అపోహ. కంసావతిలో ఈత నేర్చుకున్నవాడికి గోదావరి వరద సంగతి తెలియదు. 5 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు దాదాపు 1.4 కోట్ల లీటర్ల నీరు. పాపికొండల మధ్య నది సన్నబడుతుంది, నీటికి పక్కకు పరుచుకునే చోటు ఉండదు, లోతు పెరుగుతుంది, వడి పెరుగుతుంది. రాయల్ వశిష్ట 200 అడుగులకు పైబడిన లోతులో చిక్కుకుంది. అటువంటి చోట ప్యాంటో చీరో ఒంటికి చుట్టుకుని, పక్కనున్నవాడు మెడ పట్టుకుని వేలాడుతూ ఉండగా ఎంత గొప్ప ఈతగాడైనా ఎంతసేపు ఈదగలడు? ఈత వచ్చినవాడికి జాకెట్ ఉంటే ఇంకొకరిని కూడా కాపాడగలడు. ఈత వచ్చిన తండ్రి జాకెట్ వేసుకోవలసింది ముఖ్యంగా అందుకే.

వరద లేనప్పుడు ఏ భయమూ లేదనుకునేవాళ్ళు 2017 నవంబర్ 12ను గుర్తు చేసుకోవాలి. కార్తిక మాసం ఆదివారం, విజయవాడ దగ్గర కృష్ణానది ప్రశాంతంగా ఉంది. పవిత్ర సంగమానికి బయలుదేరిన బోటు ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర బోల్తా పడి 22 మంది చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలువాళ్ళు. ఆ బోటుకు అనుమతి లేదు, పరిమితికి మించి జనం ఎక్కారు, లైఫ్ జాకెట్లు ఇవ్వలేదు. ఇక్కడ నది తప్పేమీ లేదు.

"పెద్ద బోటు, రెండంతస్తులు, మునగదు" అనే నమ్మకం మరీ ప్రమాదకరం, ఎందుకంటే చూపులకు అది నిజమే అనిపిస్తుంది. రెండో అంతస్తు బోటుకు బలం ఇవ్వదు. జనం ఆ పైన నిలబడితే బరువంతా నీటిమట్టానికి ఎత్తున చేరుతుంది. తలమీద రెండు బిందెలు పెట్టుకుని నడిచే మనిషి కొంచెం పక్కకు ఒరిగినా బిందెలు పడిపోయినట్టే, పైన జనం ఉన్న బోటు కూడా చిన్న ఒరుగుకే తూలుతుంది. 2009 సెప్టెంబర్ 30న కేరళలోని తేక్కడిలో జలకన్యక అనే రెండంతస్తుల బోటు బోల్తా పడి 45 మంది చనిపోయారు. ఒడ్డున జంతువులు కనిపించాయని పర్యాటకులు ఒకే వైపుకు తరలారు. 2023 మే 7న తానూరులో చేపలబోటును టూరిస్టు బోటుగా మార్చి నడుపుతుండగా మునిగి 22 మంది పోయారు, వాళ్ళలో పిల్లలే ఎక్కువ. పాపికొండల మలుపు రాగానే "అటు చూడు, ఇటు చూడు" అని అందరూ ఫోన్లు పట్టుకుని ఒక అంచుకు పరుగెత్తే అలవాటు మానాలి. సరంగు "కూర్చోండి" అంటే కూర్చోవాలి. ఫొటోలు ఎవరి సీటు నుంచి వాళ్ళు తీసుకోవచ్చు.

అన్నం తినేటప్పుడు జాకెట్ వేసుకోనక్కరలేదా? కచ్చులూరు ప్రమాదం భోజనాల వేళే జరిగింది. బోటులో ఫోన్ ఉంటే చాలు, ఎవరికైనా చెప్పొచ్చు అంటారా? ఆ కొండల మధ్య సిగ్నల్ అందని చోట్లు చాలా ఉన్నాయి. పోచమ్మ తల్లికి దండం పెట్టి ఎక్కడం భక్తి. దాన్ని ఎవరూ మానమనరు, దండం పెట్టాక జాకెట్ కూడా బిగించుకోవాలి.

ఊరిదాకా వెళ్ళలేని ఖరగ్‌పూర్‌వాళ్ళు హుగ్లీ మీద షికారుకు వెళతారు. కోల్‌కతా మిలీనియం పార్క్ జెట్టీ నుంచి ప్రభుత్వ హెరిటేజ్ క్రూజ్, బేలూరు మఠం, దక్షిణేశ్వర్ మధ్య లాంచీలు అందరికీ తెలిసినవే. హుగ్లీ మెల్లగా పారే నది, దానిమీద ఏ భయమూ అక్కరలేదనే మాట ఇక్కడా ఉంది. హుగ్లీ ఆటుపోట్ల నది. అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో సముద్రం నుంచి పైకి ఎగదన్నే కెరటాన్ని బెంగాలీలు బాన్ అంటారు. 2017 ఏప్రిల్ 26న భద్రేశ్వర్ తెలినిపాడా ఘాట్‌లో బాన్ తాకిడికి తాత్కాలిక వెదురు జెట్టీ కూలి, లాంచీ కోసం నిలబడ్డ జనం నీళ్ళలో పడిపోయారు, పలువురు ప్రాణాలు కోల్పోయారు. అప్పటికి వాళ్ళు ఇంకా పడవ ఎక్కనే లేదు. రేవు దగ్గర, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ప్రమాదం తక్కువ అనుకోకూడదు. జెట్టీ జనంతో కిక్కిరిసి ఉంటే, ఆ లాంచీ వదిలేసి తర్వాతదాని కోసం ఒడ్డున నిలబడటమే మంచిది. బాన్ హెచ్చరిక ఉన్నప్పుడు లాంచీలు ఆపేస్తే సిబ్బందితో గొడవ పెట్టుకోకూడదు.

కచ్చులూరు తర్వాత పాపికొండల బోట్లు ఆగిపోయి, 2021లో మళ్ళీ మొదలయ్యాయి. రేవుల దగ్గర కంట్రోల్ రూములు వచ్చాయి, వరద పెరిగితే బోట్లు నిలిపేస్తున్నారు. సెలవులు అయిపోతున్నాయి, ఖరగ్‌పూర్ నుంచి ఇంత దూరం వచ్చాం, ఎలాగైనా పంపించండి అని అక్కడివాళ్ళ మీద ఒత్తిడి చేయడం తప్పు. ఆగిన రోజు రాజమండ్రిలో గోదావరి ఒడ్డున కూర్చుని చూస్తే సరి, లేదా ధవళేశ్వరం ఆనకట్టకు వెళ్ళవచ్చు.

బోటు ఎక్కే ముందు చూడవలసినవి తక్కువే. దేశంలో నదుల్లో తిరిగే బోట్లకు 1917 నాటి చట్టం స్థానంలో 2021 ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్ ఉండాలి, సర్వే సర్టిఫికెట్ ఉండాలి, ఎంతమందిని ఎక్కించుకోవచ్చో అందులో రాసి ఉంటుంది. చూపించమని అడగడానికి ప్రయాణికుడు మొహమాటపడకూడదు. లెక్క మించితే దిగిపోవాలి, డబ్బు పోయినా సరే.

జాకెట్ తీసుకోగానే ఫోమ్ చిరిగిందా, బెల్టులు, బకిళ్ళు పట్టుతున్నాయా చూడాలి. వేసుకుని అన్నీ బిగించాక, ఇంకొకరిని భుజాల దగ్గర పట్టి పైకి లాగమనాలి. చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టు. పిల్లలకు పిల్లల సైజే అడగాలి, దానికి కాళ్ళ మధ్యనుంచి వచ్చే పట్టీ ఉంటే అది కూడా కట్టాలి. చీర కట్టుకున్నవాళ్ళు కొంగు జాకెట్ లోపలికి దోపుకోవాలి, బయట వేలాడనివ్వకూడదు. ఎక్కినప్పటి నుంచి మళ్ళీ ఒడ్డున కాలు పెట్టేదాకా ఒంటిమీదే ఉంచాలి.

కచ్చులూరులో మొదటి రోజుల్లో బోటులో ఎంతమంది ఉన్నారో చెప్పే లెక్క పలుసార్లు మారింది. ఎవరిని వెతకాలో తెలియక కుటుంబాలు, అధికారులు నలిగిపోయారు. రేవు దగ్గర పేర్లు రాయించేటప్పుడు చంటిపిల్లల పేరు కూడా రాయించాలి, ఫోన్ నంబరుగా బోటులో లేనివాళ్ళ నంబరు ఇవ్వాలి. ఇంట్లో ఉన్న మేనత్తదో పక్క క్వార్టరువాళ్ళదో అయితే చాలు. ఆ ఇంటికి ముందే ఫోన్ చేసి బోటు పేరు, బయలుదేరే టైము, తిరిగి వచ్చే టైము చెప్పిపెట్టాలి.