బ్రష్షు పోచలు ఎందుకు ఊడవు?

ఉదయం నిద్ర లేచిన వెంటనే మనలో చాలామంది చేతికి వచ్చే మొదటి వస్తువు పండ్లు తోముకొనే బ్రష్షు. దానిని నీటిలో తడుపుతాము, పండ్లమీద అదిమి రుద్దుతాము; తొందరలో ఉన్నవారు దానిని కొరుకుతారు కూడా. ఇంత హింస జరిగినా నెలల తరబడి దాని పోచ ఒక్కటి ఊడి నోటిలోకి రాదు. ముప్ఫై నలభై కుచ్చులు, ఒక్కొక్క కుచ్చులో పదుల సంఖ్యలో పోచలు, వెరసి వేయికి పైబడిన పోచలను ఆ చిన్న తల ఎట్లు పట్టి ఉంచుతున్నది? ఈ ప్రశ్న వేసుకొన్నవారు అరుదు. బ్రష్షు అనగా పోచ, పిడి అని మాత్రమే మనం అనుకొంటాము. నిజానికి మూడవ భాగం ఒకటి ఉన్నది. అది కంటికి కనబడదు. అదే పట్టు. బ్రష్షు చరిత్ర అంతా ఈ పట్టు కోసం మనిషి పడిన పాట్ల చరిత్ర అంటే అతిశయోక్తి కాదు.

మన పెద్దలకు ఈ చిక్కు లేదు. వేపపుల్ల కొనను నమిలితే పుల్లలోని నారే కుంచెగా విచ్చుకొంటుంది. మిస్వాకు సంగతీ అంతే. పీలూ చెట్టు వేరును కాని కొమ్మను కాని తీసుకొని కొనమీది బెరడు ఒలిచి నమిలితే, లోపలి నాళికల నార పోచలై నిలుస్తుంది. మన భీమునిపట్నం తీరంలో ఇసుక దిబ్బలవెంట పెరిగే మొగలి పొదలకు ఊడలు దిగుతాయి. ఆ ఊడ ముక్కను రాతిమీద పెట్టి కొనను నలగగొడితే సున్నం వేసే కుంచె సిద్ధం. ఈ మూడింటిలోను పిడి ఏ పదార్థమో పోచ కూడా అదే పదార్థం. అతుకు లేదు కనుక ఊడే భయం లేదు. పోచలు అరిగిపోతే కొంత కోసివేసి మరల నమలవచ్చును, మరల నలగగొట్టవచ్చును.

అయితే ఇట్టి కుంచె మనకు దొరికిన పుల్ల ఎంత ఉంటే అంతే ఉంటుంది. వీధులు ఊడ్వడానికి, ఓడల అడుగు రుద్దడానికి, గుర్రాలను తోమడానికి, సీసాలు కడగడానికి రకరకాల కొలతల బ్రష్షులు కావలసి వచ్చినప్పుడు పోచలను ఒకచోట, పిడిని మరొకచోట సంపాదించి రెండింటిని కలపవలసి వచ్చినది. చిక్కంతా అక్కడ మొదలైనది.

నార అనగానే మన ఊరి పేరు ప్రపంచ వర్తకంలో ఒకప్పుడు మారుమ్రోగినది. మన గోగు జాతి మొక్క నుండి తీసే నారను ఇంగ్లీషు వర్తకులు ఈ రేవు పేరుతోనే ‘బిమ్లీపటం జనపనార’ అని పిలిచేవారు. ఆ పేరు వృక్షశాస్త్ర గ్రంథాలలో నేటికీ కనబడుతుంది. గోస్తనీ తీరాన చిట్టివలసలో వెలసిన జనపనార మిల్లు ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టి, 2009లో మూతపడినది. కాని గోగునార మెత్తనిది. గోనెకు, పురికొసకు అది పనికివస్తుంది కాని బ్రష్షుకు పనికిరాదు. బ్రష్షు పోచకు కావలసిన గుణం వేరు. వంచితే వంగాలి, వదలితే తిరిగి నిలవాలి. తడిసినా ఆ బిగువు పోరాదు.

ఆ గుణం మన కోస్తా తాటిచెట్టులో ఉన్నది. తాటిమట్ట మొదలు, అనగా చెట్టు కాండాన్ని చుట్టి పట్టుకొనే భాగం, గట్టి నారతో నిండి ఉంటుంది. దానిని కోసి, కొయ్య సుత్తులతో బాది, ఇనుప దువ్వెనలతో చిక్కు తీసి, పొడుగునుబట్టి ఏరి, కట్టలు కట్టి ఐరోపాకు ఎగుమతి చేసేవారు. ఈ వ్యాపారానికి మన తీరంలో ప్రసిద్ధి చెందిన రేవు కాకినాడ. విదేశపు బ్రష్షుల తయారీదార్ల పట్టికలలో ఆ నారలో ఒక రకానికి పేరే ‘కోకనాడ’. లండను వీధులు ఊడ్చే చీపుళ్ళలోనికి మన తాటితోపుల నార వెళ్ళినదన్నమాట. ఆ సుత్తి, ఆ దువ్వెన పట్టిన చేతుల పేర్లు మాత్రం ఏ పట్టికలోను లేవు.

ఇక పట్టు సంగతి. చేతిపని రోజులలో కొయ్య పలకకు రంధ్రాలు తొలిచి, కుచ్చు మొదలును మరిగే కీలులో ముంచి, దారంతో చుట్టి, రంధ్రంలో దిగవేసేవారు. చల్లారిన కీలు కుచ్చును పట్టి ఉంచేది. మరొక పద్ధతిలో పలక వెనుకనుండి తీగను దూర్చి, పోచలను ఆ తీగ మడతలో పెట్టి లాగేవారు. పోచలు సగానికి మడిగి రంధ్రంలోనికి దిగేవి. పని గట్టిదే, కాని ఒక్కొక్క కుచ్చుకు ఒక్కొక్క మారు చేయి ఆడాలి.

పండ్ల బ్రష్షు కథ ఇంకొక చిక్కు తెచ్చినది. ఇంగ్లండులో విలియం ఆడిస్ అనే ఆయన 1780 ప్రాంతంలో వ్యాపార సరళిలో మొదలుపెట్టిన బ్రష్షుకు పశువు ఎముక పిడి, పంది వెంట్రుక పోచ. తరువాత నూటయాభై ఏండ్లపాటు మేలురకం బ్రష్షు అంటే పంది వెంట్రుకదే. ముస్లిం కుటుంబాలకు అది నోట పెట్టరాని వస్తువు. మాంసం ముట్టని హిందూ కుటుంబాలకు కూడా పిడి, పోచ రెండూ అభ్యంతరమే. ఈ దేశంలో ఎందరో బ్రష్షును దూరంగా ఉంచి, వేపపుల్లనో మిస్వాకునో వదలకపోవడానికి పాతకాలపు పట్టుదల ఒక్కటే కారణం అనుకోవడం పొరపాటు. పంది వెంట్రుకకు శాస్త్రరీత్యా కూడా దోషం ఉన్నది. వెంట్రుక మధ్య బోలుగా ఉండి తడి ఆరక, సూక్ష్మజీవులకు ఇల్లవుతుంది. 1935లో అమెరికాలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ బృందం నైలానును తయారుచేసినది. 1938లో నైలాను పోచల పండ్ల బ్రష్షు అంగడికి వచ్చినది. మేజోళ్ళకంటె ముందు జనం చేతికి అందిన నైలాను వస్తువు ఇదే. మొదటి నైలాను చిగుళ్ళను గీరేటంత గట్టిగా ఉండేదట. మెత్తనివి రావడానికి మరికొన్ని ఏండ్లు పట్టినది. ఏమైనా, మతం అడిగిన ప్రశ్నకు రసాయనశాస్త్రం జవాబు చెప్పిన సందర్భాలలో ఇది ఒకటి. గోడ రంగుల కుంచెలలోను, చిత్రకారుల కుంచెలలోను నేటికీ పంది వెంట్రుకవి ఉన్నవి కనుక కొనేవారు అడిగి కొనడం మంచిది.

పోచ మారినది, పట్టు ఇంకా పాతదే. మీ ఇంట పారవేయదగిన పండ్ల బ్రష్షు ఉంటే సన్నని రంపంతో తలను అడ్డంగా కోసి చూడండి. చాలా బ్రష్షులలో కుచ్చు మొదట మెరిసే లోహపు రేకు కనబడుతుంది. ఇది మేకు పద్ధతి. పిడిని ముందుగా అచ్చులో పోస్తారు. అచ్చులోని సూదులవలన తలలో రంధ్రాలు ఏర్పడతాయి. యంత్రం పోచల గుత్తిని సగానికి మడిచి, మడత మధ్య చదునైన ఇత్తడి ముక్క పెట్టి రంధ్రంలోనికి దిగగొడుతుంది. ముక్క రంధ్రం కంటె కొంచెం వెడల్పు కనుక దాని అంచులు ప్లాస్టిక్కులోనికి కరుచుకొని నిలుస్తాయి. నిమిషానికి వందల కుచ్చులు నాటే వేగం దీనికి ఉన్నది. కాని ప్రతి రంధ్రంలోను రేకు పక్కల సందు మిగులుతుంది. ఆ సందులో నీరు, పేస్టు, మురికి చేరుతాయి. పైగా రేకు పట్టాలంటే తల మందంగా ఉండాలి. రంధ్రాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే మధ్య గోడ చీలిపోతుంది.

ఇందుకు విరుగుడుగా వచ్చినదే పిడిని పోచలచుట్టూ పోసే పద్ధతి. ఇందులో ముందు పిడి చేసి తరువాత పోచ నాటడం లేదు. పోచలు ముందు, పిడి తరువాత.

దీనిని అర్థం చేసుకోవడానికి యంత్రశాలకు పోనక్కరలేదు. మన బెస్తవారి పడవల దగ్గరకు పోతే చాలును. నైలాను తాడును కోసినప్పుడు కొన విచ్చిపోకుండా వారు దానిని నిప్పుకు చూపుతారు. కొన కరగి ముడుచుకొని పూసవలె గడ్డకడుతుంది. ఎందుకట్లు ముడుచుకొంటుంది? నైలాను దారాన్ని తయారుచేసేటప్పుడు దానిని కొన్ని రెట్లు సాగదీస్తారు. లోపలి పొడుగాటి అణువులు ఒకే దిశకు వరుసదీరి ఉంటాయి. వేడి తగలగానే అవి తమ పూర్వపు చిక్కుముడికి తిరిగిపోతాయి, దారం కుంచించుకొని పూస కడుతుంది. కర్మాగారంలో జరిగేదీ ఇదే. ఉక్కు పలకకు బ్రష్షు తల ఆకారంలో రంధ్రాలు ఉంటాయి. ప్రతి రంధ్రంలోను ఒక కుచ్చు దూర్చి, వెనుక కొనలను కొద్దిగా బయటకు వదలి, వాటికి వేడి చూపుతారు. కుచ్చులోని పోచలన్నీ ఒకదానిలో ఒకటి కలిసి, వెనుక పుట్టగొడుగు తల వంటి బొడిపె ఏర్పడుతుంది. ఆ పలకనే అచ్చులో ఒక గోడగా బిగించి, కరగిన ప్లాస్టిక్కును గొప్ప ఒత్తిడితో లోనికి తోస్తారు. అది బొడిపెలచుట్టూ, బొడిపెల క్రిందా పారి గట్టిపడుతుంది. ఇక పోచను లాగితే బొడిపె అడ్డుపడుతుంది. లోహం అక్కరలేదు, సందు లేదు, తల పలుచగా ఉండవచ్చును.

ఇక్కడ రసాయనశాస్త్ర విద్యార్థికి రెండు సందేహాలు రావాలి. పిడికి ఎక్కువగా వాడే పాలీప్రొపిలీనును రెండువందల డిగ్రీలకు పైబడిన వేడిలో లోనికి తోస్తారు. పోచలకు వాడే నైలాను రకం సుమారు రెండువందల పదిహేను డిగ్రీలకు కరుగుతుంది. మరి పోచలు కరగిపోవా? అచ్చు ఉక్కుది, దాని లోపలి కాలువలలో చన్నీరు పారుతూ ఉంటుంది. పోచల పొడవంతా ఆ చల్లని ఉక్కు రంధ్రాలలో భద్రంగా ఉండి, బొడిపె ఒక్కటే వేడిని ఎదుర్కొంటుంది. ప్లాస్టిక్కు క్షణాలలో గడ్డకడుతుంది కనుక కరగడానికి వ్యవధి చాలదు. రెండవ సందేహం: కరగిన ప్లాస్టిక్కు కుచ్చుల మధ్యనుండి ముందుకు కారిపోదా? కారుతుంది, రంధ్రం ఏ మాత్రం వదులైనా కారుతుంది. అందుచేత కుచ్చుకు, రంధ్రానికి కొలత వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి. ఈ పద్ధతి ఖరీదంతా ఆ అచ్చులోనే ఉన్నది.

గమనించవలసిన విషయం ఒకటి. నైలాను, పాలీప్రొపిలీను ఒకదానికొకటి అంటుకొనవు. అంటుకొని ఉంటే బొడిపెతో పని లేకపోయేది. పిడి చల్లారి ముడుచుకొంటూ బొడిపెను బిగించి పట్టుకొనడమే తప్ప వాటి మధ్య మైత్రి లేదు.

మన తాటినార ఈ యంత్రంలో ఎందుకు ఇమడలేదో ఇప్పుడు తెలుస్తుంది. నారకు వేడి చూపితే బొడిపె కట్టదు, మాడిపోతుంది. దానిలోని తడి ఆవిరియై ప్లాస్టిక్కులో బుడగలు పుట్టిస్తుంది. మేకు పద్ధతిలో నారకు చోటున్నది. కరగించే పద్ధతిలో లేదు. నార వెనుకబడడానికి ధర ఒక్కటే కారణమని సాధారణంగా చెబుతారు కాని, యంత్రం కోరే గుణం దానికి లేకపోవడం కూడా అంతే పెద్ద కారణం.

పిడి పదార్థం గురించి విశాఖవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. బ్రష్షు పిడులకు, దువ్వెనలకు ఒకప్పుడు విరివిగా వాడిన ప్లాస్టిక్కు పాలీస్టైరీను. గాజువలె మెరుస్తుంది, పడితే పగులుతుంది. ఆ పాలీస్టైరీనును తయారుచేయడానికి 1961లో విశాఖపట్నంలో హిందుస్థాన్ పాలిమర్స్ అనే సంస్థ నెలకొన్నది. 1997లో అది ఎల్.జి. సంస్థ చేతికి వచ్చినది. స్టైరీను అనే ద్రవంలోని అణువులు ఒకదానిచేయి ఒకటి పట్టుకొని గొలుసు కడితే పాలీస్టైరీను అవుతుంది. ఆ చర్యలో వేడి పుడుతుంది. వేడి ఆ చర్యను ఇంకా త్వరపరుస్తుంది. కావున నిలువ ఉంచిన స్టైరీనును చల్లగా ఉంచి, నిరోధక రసాయనం కలపాలి. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున, లాక్‌డౌను రోజులలో, ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఆ కర్మాగారపు తొట్టెలో ఈ చర్య అదుపు తప్పి, స్టైరీను ఆవిరి చుట్టుపక్కల ఇండ్లమీద కమ్ముకొన్నది. పన్నెండుమంది మరణించారు. వందలమంది ఆసుపత్రుల పాలైనారు. మన చేతిలోని నునుపైన పిడిని పుట్టించే చర్యయే ఆ రాత్రి తొట్టెలోను జరిగినది. తరగతిలో ఈ సమీకరణం వ్రాయించే ప్రతిసారి ఆ సంగతి కూడా చెప్పడం నా అలవాటు.

ఇక చివరకు, ఊడని పట్టు తెచ్చిపెట్టిన చిక్కు. కొయ్య పలక, తాటినార చీపురు అరిగిపోతే పొయ్యిలోనికి పోయేది. మేకు బ్రష్షులోనుండి శ్రమపడితే రేకునైనా ఊడబెరకవచ్చును. పిడిని పోచలచుట్టూ పోసిన బ్రష్షును విడదీయడం ఎవరి తరమూ కాదు. విడదీయకుండా కరగిస్తే కలవని రెండు ప్లాస్టిక్కులు కలిసి పనికిమాలిన ముద్ద అవుతుంది. పాత ప్లాస్టిక్కు కొనేవారు పండ్ల బ్రష్షును పక్కకు విసరివేయడం ఇందుకే. అదే బట్టలు ఉతికే బ్రష్షులలోను, నేల కడిగే బ్రష్షులలోను కొన్నిటికి పోచ, పిడి రెండూ పాలీప్రొపిలీనే. పోచ త్వరగా వంగిపోతుందనే లోపం ఉన్నా, వాటిని మొత్తంగా నూరి మరల కరగించవచ్చును. వేపపుల్లలో వలె పిడి, పోచ మరల ఒకే పదార్థమైనవి.

గోస్తనీ సముద్రంలో కలిసేచోట ఇసుకమీద వాన తరువాత పాత పండ్ల బ్రష్షులు కనబడుతూ ఉంటాయి. రంగు వెలిసి, రేకు త్రుప్పు పట్టి ఉంటాయి, పిడి మాత్రం చెక్కుచెదరదు. అన్ని బ్రష్షులూ ఒడ్డుకు రావు. కారణం తెలుసుకోవాలంటే మీ పాత బ్రష్షు పిడి ముక్కను, కొన్ని పోచలను కోసి, చుక్క సబ్బు కలిపిన గ్లాసెడు నీటిలో వేసి చూడండి. పాలీప్రొపిలీను పిడి తేలుతుంది, నైలాను పోచ మునుగుతుంది. పాలీస్టైరీను పిడి అయితే మునుగుతుంది. గ్లాసులో ఉప్పు కలుపుతూ పోతే పైకి లేస్తుంది. కాని సముద్రంలో ఉన్న ఉప్పు అందుకు చాలదు. కనుక మనకు ఒడ్డున కనబడేవి తేలినవి మాత్రమే.